పాలు తగ్గిద్దామనుకుంటున్నాం: సోయా, ఓట్స్, బాదం, పల్లీ... దేనికి ఏది పనికొస్తుంది?

కూకట్‌పల్లి_కోడలు · శనివారం, ఉదయం 7:40

అందరికీ నమస్కారం. మా ఇంట్లో రోజూ రెండు లీటర్ల గేదె పాలు పోయించుకుంటాం. అత్తయ్యగారికి కొన్నాళ్లుగా పాలు తాగిన గంటకల్లా కడుపు ఉబ్బరం, గుడగుడ. గ్యాస్ట్రో డాక్టరు శ్వాస పరీక్ష చేయించి, లాక్టోజ్ పడటం లేదన్నారు. "పాలు తగ్గించండి" అని ఒక్క ముక్క చెప్పి పంపించేశారు. బదులు ఏం తీసుకోవాలో చెప్పలేదు.

ఇది చాలదన్నట్టు, తొమ్మిదేళ్ల మా పాప స్కూల్లో పర్యావరణం ప్రాజెక్టు చేసొచ్చి, పశువులు వదిలే, భూమిని వేడెక్కించే మీథేన్ వాయువు గురించి మాకు క్లాసు పీకి, పాల గ్లాసు పక్కన పెట్టేసింది. (అసలు కారణం మీగడ అని నా అనుమానం.) మా ఆయనకు మాత్రం పొద్దున్నే ఫిల్టర్ కాఫీ పడకపోతే నోట మాట రాదు.

సూపర్ మార్కెట్లో బాదం పాల ప్యాకెట్ ధర చూస్తే కళ్లు తిరిగాయి. ఆ డబ్బుతో మామూలు పాలు మూడు లీటర్లొస్తాయి. ఇంతకీ వీటిలో నిజంగా బలం ఉందా? పెరుగు లేకుండా భోజనం ముగించడం మా ఇంట్లో జరిగే పనేనా? వాడుతున్నవాళ్లు చెప్పండి.

ఫిల్టర్_కాఫీ_రాజు · ఉదయం 8:05

ముందు కాఫీ సంగతి తేల్చేద్దాం, మిగతావి తర్వాత.

బాదం డ్రింకులో డికాక్షన్ కలిపితే వచ్చేది నీళ్ల కాఫీ. కొబ్బరిదైతే కాఫీ రుచిని మింగేస్తుంది. సోయా చిక్కగానే ఉంటుంది గానీ వేడి డికాక్షన్ పడగానే విరుగుతుంది. కాఫీలోని పులుపు, వేడి రెండూ కలిసి సోయా ప్రొటీన్‌ను ముద్ద కట్టిస్తాయి. అందుకని సోయాను విడిగా వెచ్చబెట్టి, మరగనివ్వకుండా, ముందు అదే గ్లాసులో పోసి, డికాక్షన్‌ను సన్నధారగా కలపండి. చాలావరకు విరగదు.

అన్నింట్లో మెరుగైనది ఓట్స్‌దే. అదీ "బరిస్టా" అని రాసి ఉన్న ప్యాకెట్. అందులో నూనె కాస్త ఎక్కువ వేస్తారు, పులుపును అదుపు చేసే లవణాలు కలుపుతారు. నురగ కూడా బాగానే వస్తుంది. ఇంట్లోనే ఓట్స్ మిక్సీ పట్టి వడగట్టుకుంటామంటారా, స్టవ్ మీద పెట్టగానే గంజి అయి కూర్చుంటుంది. కంపెనీల వాళ్లు ఎంజైములతో పిండిపదార్థాన్ని విరగ్గొడతారు కాబట్టి వాళ్లది జారుగా ఉంటుంది.

టీకి మాత్రం నాకు ఏదీ నచ్చలేదు. అల్లం, నిమ్మకాయతో బ్లాక్ టీకి మారిపోయాను.

గుంటూరు_డైటీషియన్ · ఉదయం 9:30

కోడలుగారూ, మీరు అడిగింది ఒక ప్రశ్న కాదు, మూడు. మీ అత్తయ్యగారికి, పాపకి, మీవారికి కావలసినవి వేరు వేరు. ఒకే ప్యాకెట్‌తో ముగ్గురికీ సరిపెట్టాలని చూడకండి.

ముందు అత్తయ్యగారు. లాక్టోజ్‌ను అరిగించే లాక్టేజ్ అనే ఎంజైము పసితనం దాటాక తగ్గిపోవడం చాలామందిలో మామూలే. మన దేశంలో ఉత్తరాదికంటే దక్షిణాదిలో ఇది ఎక్కువ. ఇది అలర్జీ కాదు, ప్రమాదమూ కాదు, కాకపోతే ఇబ్బంది పెడుతుంది. లాక్టోజ్ పడనివాళ్లలో కూడా చాలామంది ఒక పూటకు 12 గ్రాముల దాకా, అంటే దాదాపు ఒక గ్లాసు పాలలో ఉండేంత లాక్టోజ్‌ను భోజనంతో పాటు తట్టుకోగలరు. ఖాళీ కడుపున పెద్ద గ్లాసుడు తాగితేనే గొడవ. పెరుగులో సూక్ష్మజీవులు కొంత లాక్టోజ్‌ను ముందే తినేస్తాయి, పైగా పేగులో కూడా దాన్ని అరిగించడానికి సాయపడతాయి. కాబట్టి ఆవిడ పెరుగన్నం మానక్కర్లేకపోవచ్చు. కొంచెంతో మొదలుపెట్టి చూడమనండి. నెయ్యిలో లాక్టోజ్ లేనట్టే. లాక్టోజ్ తీసేసిన పాలు కూడా దొరుకుతున్నాయి. అవి మామూలు పాలే, ఎంజైము ముందే కలుపుతారు, అందుకే కాస్త తియ్యగా ఉంటాయి.

ఇక బలం సంగతి. ఆవు పాలు 100 మి.లీ.లో ప్రొటీన్ సుమారు 3.2 గ్రాములు. మంచి సోయా డ్రింకులో 3 గ్రాముల దాకా ఉంటుంది. ఓట్స్‌లో 1 గ్రాము అటూ ఇటూ. బాదం, బియ్యం, కొబ్బరి డ్రింకుల్లో 1 గ్రాము కూడా ఉండదు. బాదం అని పేరే గానీ కొన్ని ప్యాకెట్లలో బాదం 2, 3 శాతమే, మిగిలిందంతా నీళ్లు. గుప్పెడు బాదం పప్పులు నమిలి తింటే అంతకంటే ఎక్కువ బలం, తక్కువ ఖర్చు.

పాపకి పాల బదులు ఏదైనా ఇవ్వాలంటే సోయాదే ఇవ్వండి, అదీ కాల్షియం, విటమిన్లు కలిపినది. ఏడాదిలోపు పసిపిల్లలకు మాత్రం వీటిలో ఏదీ తల్లిపాలకు గానీ ఫార్ములాకు గానీ బదులు కాదు. ఇది చదివేవాళ్లలో బాలింతలుంటే గుర్తుంచుకోండి.

బర్రెల_యాదగిరి · ఉదయం 10:15

మాది నల్లగొండ దిక్కు. నాలుగు బర్రెలున్నయ్, రెండు పాలిస్తున్నయ్, ఒకటి చూడిది, ఒకటి వట్టిపోయింది. మీ ముచ్చట చదివి ఊకోలేక రాస్తున్న.

పొద్దున నాలుగున్నరకు లేచి పాలు పిండి కేంద్రానికి పోస్తే, మిషన్ల వెన్న శాతం చూసి రేటు కడతరు. ఎండకాలం పచ్చిగడ్డి దొరకక వెన్న పడిపోతే రేటు పడిపోతది. దాణా బస్తా రేటు మాత్రం ఎన్నడూ పడిపోదు. పదిహేను రోజులకోసారి వచ్చే పాల బిల్లు మీదనే మా ఇంట్ల కిరాణా, పిల్లల ఫీజులు నడుస్తయ్. వరి పంట పైసలు ఆరు నెలలకోసారి, అదీ వానదేవుని దయ. ఆ పాల బిల్లు మా ఇంటామె పేరు మీద పడతది, అది ఆమె చేతిల పైస.

2023-24ల మన దేశంల దగ్గర దగ్గర 24 కోట్ల టన్నుల పాలు వచ్చినయ్, ప్రపంచంల మనమే ఫస్టు. పెద్ద పెద్ద ఫారాల నుంచి వచ్చినయ్ అనుకునేరు. అందుల ఎక్కువ మా అసొంటి రెండు బర్రెలు, నాలుగు బర్రెల ఇండ్లల్లకెల్లి వచ్చినయే. పట్నంల కూసొని పాలు మానుడు ఫ్యాషన్ అయితే మేమెటు పోవాలె?

అక్కా, మీ అత్తమ్మకు పడకపోతే మానుర్రి, అది వేరే. కానీ మీ పాపకు మా బర్రెలు భూమిని ఖరాబు చేస్తున్నయని చెప్పిన సారును ఒకసారి మా ఊరికి తోల్కరాండ్రి.

గోదావరి_గట్టు · ఉదయం 11:20

యాదగిరి అన్నా, మీ కోపం అర్థమైంది. అంకెలు కూడా ఒకసారి చూద్దాం, అవి రెండు వైపులా మాట్లాడతాయి.

2018లో జోసెఫ్ పూర్, థామస్ నెమెచెక్ అనే ఇద్దరు 119 దేశాల్లోని దాదాపు 38,700 పొలాల సమాచారం కూడగట్టి "సైన్స్" పత్రికలో ఒక పరిశోధన ప్రచురించారు. లీటరు పాలకు వాతావరణంలోకి వెళ్లే వాయువులు, కార్బన్ డయాక్సైడ్ లెక్కలో చెప్పాలంటే, సగటున 3.2 కిలోలు. బియ్యం డ్రింకుకు 1.2, సోయాకు 1, ఓట్స్‌కు 0.9, బాదానికి 0.7. నేల చూస్తే లీటరు పాలకు 9 చదరపు మీటర్లు, వీటిలో దేనికీ ఒక మీటరు కూడా పట్టదు. నీళ్లు లీటరు పాలకు 628 లీటర్లు, బాదానికి 371, బియ్యానికి 270, ఓట్స్‌కు 48, సోయాకు 28.

అంటే బాదానిది కార్బన్ లెక్కలో మంచి పేరు, నీళ్ల లెక్కలో చెడ్డ పేరు. ప్రపంచంలో బాదం దాదాపు 80 శాతం కాలిఫోర్నియాలోనే పండుతుంది, కరువులు సర్వసాధారణమైన చోట. అక్కడి నుంచి బాదం ఎక్కువగా కొనే దేశాల్లో మనదే ముందు వరస. మన కోడలుగారి పాప నిజంగా భూమి కోసమే పాలు మానితే, సముద్రం దాటొచ్చే బాదం కంటే సోయా నయం. బియ్యం డ్రింకు సంగతి కూడా ఆలోచించండి, నీళ్లు నిలబెట్టిన వరి మడిలోంచి కూడా మీథేన్ వస్తుంది.

బర్రెల_యాదగిరి · ఉదయం 11:45

ఆ 9 మీటర్ల భూమి ఎవలిదన్నా? నా బర్రెలు తినేది వరిగడ్డి, జొన్నచొప్ప, తవుడు. దానికోసం నేను వేరే భూమి దున్నలే. ఆ గడ్డి బర్రెకు వెయ్యకపోతే పంజాబోల్ల లెక్క అగ్గి పెట్టుడే. పెండ నా పొలానికే పోతది, ఎరువు బస్తాలు తక్కువ కొంట. ఇవి ఆ అంకెల్ల ఉన్నయా?

గోదావరి_గట్టు · మధ్యాహ్నం 12:10

సరైన చోట పట్టుకున్నారు. అది ప్రపంచ సగటు. మేత కోసమే సోయా, మొక్కజొన్న పండించి పశువులకు పెట్టే దేశాలూ అందులో ఉన్నాయి. పంట కోశాక మిగిలిన గడ్డి తినే బర్రె మనిషి తిండితో పోటీ పడదు, కాబట్టి ఆ నేల లెక్క మీ కొట్టానికి సరిపోదు.

మీథేన్ మాత్రం తప్పదన్నా. గడ్డి నెమరేసేటప్పుడు పొట్టలో తయారై త్రేన్పుతో బయటికొచ్చేది అదే. నాసిరకం గడ్డి తిని తక్కువ పాలిచ్చే పశువుకు లీటరుకు పడే మీథేన్ ఇంకా ఎక్కువ. మీ వట్టిపోయిన బర్రె వదిలే మీథేన్ కూడా మిగతా రెండిటి పాల మీదే పడుతుంది. మంచి మేత, సరైన వేళకు చూడి కట్టడం, రోగాలు రాకుండా చూసుకోవడం, వీటితో లీటరుకు పడేది బాగా తగ్గుతుంది. అది మీకూ లాభమే.

వైద్యులు, శాస్త్రవేత్తలు కలిసి 2019లో వేసిన ఈట్-లాన్సెట్ నివేదిక, భూమికీ ఒంటికీ సరిపడే తిండి ఇదీ అని చెప్పినప్పుడు కూడా రోజుకు 250 గ్రాముల పాలు, పాల పదార్థాలు ఉంచింది, పూర్తిగా మానినా ఫర్వాలేదంది. మన హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాల్లో రోజుకు 300 మి.లీ. పాలో పెరుగో ఉన్నాయి. అంటే పాలు మానమని ఎవరూ అనడం లేదు. రోజుకు రెండు లీటర్లు పోయించుకునే ఇంట్లో ఎంతమంది, తలకు ఎంత పడుతోంది, అది చూసుకుంటే చాలు.

న్యూజెర్సీ_అక్క · రాత్రి 7:55

ఇప్పుడే లేచి చర్చంతా చదివాను. ఇక్కడ మా ఫ్రిజ్‌లో సోయా, ఓట్స్ రెండూ ఉంటాయి, మా బాబుకి పాల ప్రొటీన్ అలర్జీ. కోడలుగారూ, ఇది లాక్టోజ్ పడకపోవడం లాంటిది కాదు. వాడికి పెరుగు, నెయ్యి, లాక్టోజ్ లేని పాలు ఏవీ పనికిరావు, రెండిటినీ కలిపి చూడకండి.

అమెరికా ప్రభుత్వ ఆహార మార్గదర్శకాలు 2020-25లో పాల పదార్థాల వరసలో మొక్కల నుంచి వచ్చేవాటిలో చోటిచ్చింది కాల్షియం, విటమిన్ ఎ, డి కలిపిన సోయాకు, దాని యోగర్ట్‌కు మాత్రమే. మిగతావాటిని ఆ లెక్కలో వెయ్యలేదు. ఇక బ్రిటన్‌లో ఐదేళ్లలోపు పిల్లలకు బియ్యం డ్రింకు ఇవ్వొద్దంటారు, ఆర్సెనిక్ భయం వల్ల.

ప్యాకెట్ కొనేటప్పుడు ముందు వైపు ఆకులు, పువ్వులు చూడకండి. వెనక్కి తిప్పండి. చక్కెర కలపనిదేనా? 100 మి.లీ.కి కాల్షియం 120 మి.గ్రా. దగ్గర్లో ఉందా? బి12 ఉందా? ఈ మూడూ చూస్తే సగం ప్యాకెట్లు అక్కడే ఆగిపోతాయి. సేంద్రియం అని రాసినవాటిలో కొన్నిటికి అసలు కాల్షియం కలపరు. కలిపిన కాల్షియం అడుగున పేరుకుంటుంది, కాబట్టి తాగే ప్రతిసారీ గట్టిగా ఊపండి, లేకపోతే అది డబ్బాతో పాటు చెత్తబుట్టలోకి పోతుంది. ఓట్స్‌ది చక్కెర కలపనిదైనా తియ్యగానే ఉంటుంది. ఎంజైము పిండిని మాల్టోజ్ అనే చక్కెరగా మారుస్తుంది. షుగర్ ఉన్నవాళ్లు అది చూసుకోవాలి.

అన్నట్టు ఇండియాలో 2021 నుంచి ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ వీటి మీద పాలు అని రాయనివ్వడం లేదట కదా. ఆన్‌లైన్‌లో వెతికేటప్పుడు సోయా డ్రింక్, ఓట్ బేవరేజ్ అని కొట్టండి.

కొబ్బరితో చేసిన యోగర్ట్ ఇక్కడ భలే చిక్కగా ఉంటుంది, కానీ ప్రొటీన్ లేనట్టే, కొవ్వు ఎక్కువ. ఆవకాయన్నం తర్వాత అది కలుపుకుంటే మా అమ్మ నన్ను ఇంట్లోంచి గెంటేస్తుంది.

వంటింటి_పెద్దమ్మ · ఆదివారం, ఉదయం 6:30

అమ్మాయిలూ, ఆ ఖరీదైన డబ్బాలతో పని లేకుండా పల్లీ పెరుగు చేసుకోండి. నాకు రాజమండ్రిలో మా చెల్లెలి కోడలు నేర్పింది, ఇప్పుడు మా ఇంట్లో ఏకాదశి నాడు కూడా ఇదే.

పావుకిలో పల్లీలు రాత్రి నానబెట్టండి. ముడుచుకున్నవి, రంగు మారినవి, బూజు వాసనొచ్చేవి ఏరి పారేయండి, మొహమాటం వద్దు. పొద్దున ఆ నీళ్లు పారబోసి, గింజల్ని రెండు చేతుల మధ్య నలిపితే పొట్టు తేలుతుంది, వంచేయండి. పొట్టు ఉంటే పెరుగు ఎర్రబడుతుంది, వగరు వస్తుంది. మెత్తగా రుబ్బి, మొత్తం లీటరు నీళ్లయ్యేలా పోసి, పలచటి నూలు గుడ్డలో వేసి గట్టిగా పిండండి. పిప్పి పారేయకండి, చెట్నీలోకి, వడల పిండిలోకి వస్తుంది.

ఆ పాలు మందపాటి గిన్నెలో పోసి, గరిటె తియ్యకుండా తిప్పుతూ పది నిమిషాలు మరిగించండి. ఇది మామూలు పాలకంటే త్వరగా అడుగంటుతుంది. వేలు పెడితే గోరువెచ్చగా ఉన్నప్పుడు, కడిగి తుడిచిన పచ్చిమిరప తొడిమలు ఐదారు వేసి మూత పెట్టండి. చలికాలమైతే గిన్నెని పాత దుప్పటిలో చుట్టండి. మొదటిసారి జారుగా, కొంచెం పల్లీ వాసనతో తోడుకుంటుంది. బెంగ పడకండి. అందులోంచి రెండు చెంచాలు తీసి రెండోసారికి తోడు వేస్తే గట్టిగా, పుల్లగా వస్తుంది. పైన నీళ్లు తేరితే కలిపేయండి. వింత రంగు గానీ చెడు వాసన గానీ ఉంటే మాత్రం రుచి చూడకుండా పారబోయండి. ఫ్రిజ్‌లో రెండు మూడు రోజులకు మించి ఉంచకండి.

దీనికి ఆవాలు, మినప్పప్పు, అల్లం, కరివేపాకు, ఇంగువ పోపు పెట్టి అన్నంలో కలిపితే, పల్లీ వాసన ఇంగువలో కలిసిపోతుంది. మజ్జిగ పులుసుకి శనగపిండి ఒక చెంచా ఎక్కువ పట్టించండి, లేకపోతే విరుగుతుంది. ఉత్త పెరుగుగా, మామిడిపండుతో తినడానికి మాత్రం బాగోదు, ఉన్నమాట చెప్పాలి.

సోయా పాలు కూడా ఇంట్లో చెయ్యొచ్చు. ఎనిమిది గంటలు నానబెట్టి, పొట్టు తీసి, మరిగే నీళ్లు పోస్తూ రుబ్బండి. చన్నీళ్లతో రుబ్బితేనే ఆ పచ్చి చిక్కుడు వాసన. వడగట్టాక పావుగంటకు తగ్గకుండా మరగాలి. మొదట్లో నురగ పొంగి మరిగినట్టు నాటకమాడుతుంది, దాన్ని చూసి దించేస్తే కడుపునొప్పి ఖాయం.

సందేహాలరావు · ఉదయం 8:10

పెద్దమ్మగారూ, మిరప తొడిమలు నిజంగా తోడు వేస్తాయా? ఇంకో సందేహం. పల్లీల్లో అఫ్లటాక్సిన్ అంటారు కదా? మూడోది, డైటీషియన్ గారికి: సోయా తింటే మగవాళ్లకు హార్మోన్ల తేడా వస్తుందని మా జిమ్‌లో ఒకటే గోల. నిజమేనా?

థైరాయిడ్_టాబ్లెట్ · ఉదయం 8:25

నాదీ ఒకటి. నేను పొద్దున్నే థైరాయిడ్ మాత్ర వేసుకుంటాను. సోయా తాగొచ్చా?

గుంటూరు_డైటీషియన్ · ఉదయం 10:40

తొడిమల మీద సహజంగా ఉండే లాక్టిక్ సూక్ష్మజీవులే ఆ పని చేస్తాయి. కాకపోతే ఏ సూక్ష్మజీవి ఎంత ఉందో మన చేతుల్లో ఉండదు కాబట్టి పెద్దమ్మగారు చెప్పిన వాసన, రంగు జాగ్రత్త తప్పనిసరి. గర్భిణులు, రోగనిరోధక శక్తి తక్కువున్నవాళ్లు కొనుక్కున్న తోడు వాడటం మేలు.

అఫ్లటాక్సిన్ భయం నిజమే. అది బూజు వల్ల వచ్చే విషం, మరిగించినా పూర్తిగా పోదు. పటాన్‌చెరులోని పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ దశాబ్దాలుగా వేరుశనగలో దీని మీద పనిచేస్తోంది. గింజలు ఏరడం, చేదుగా ఉన్నది ఉమ్మేయడం మన చేతిలో ఉన్నవి. పశువు బూజు పట్టిన చెక్క తింటే ఈ విషం రూపం మార్చుకుని పాలలోకీ వస్తుంది, కాబట్టి పాలు మానేసినా తాగినా ఈ జాగ్రత్త ఎక్కడో ఒకచోట పడాల్సిందే.

జిమ్ గోల వదిలేయండి. మామూలుగా తినే మోతాదులో సోయా మగవాళ్లలో టెస్టోస్టిరాన్‌ను తగ్గించదని అధ్యయనాలన్నీ కలిపి చూసిన సమీక్షల్లో తేలింది. థైరాయిడ్ మాత్ర వేసుకునేవారు సోయా మానక్కర్లేదు, మాత్రతో పాటు తీసుకోకూడదు. మాత్ర పరగడుపున, నీళ్లతోనే. కాల్షియం మాత్రలకూ, కాల్షియం కలిపిన డ్రింకులకూ నాలుగు గంటల ఎడం ఉంచండి. కొత్తగా సోయా మొదలుపెడితే మీ డాక్టరుకు చెప్పి టీఎస్‌హెచ్ (థైరాయిడ్ రక్త పరీక్ష) ఒకసారి చూపించుకోండి.

ఇప్పుడు ఎవరూ అడగనిది, అన్నిటికంటే ముఖ్యమైనది. ఇంట్లో చేసిన పల్లీ పెరుగులో, సోయా పాలలో ప్రొటీన్ ఉంటుంది, కాల్షియం మాత్రం చాలా తక్కువ. పెద్దవాళ్లకు రోజుకు 1,000 మి.గ్రా. కావాలని భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) లెక్క, నెలసరి ఆగిన ఆడవాళ్లకు 1,200. పాలు తీసేస్తే అది వేరే దారిలో రావాలి. అదృష్టవశాత్తు మన తిండిలో దారులున్నాయి. రాగుల్లో 100 గ్రాములకు 364 మి.గ్రా., తెల్ల నువ్వుల్లో 1,283, మునగాకులో 314, కరివేపాకులో 659, అవిసె ఆకులో 900 దాకా. ఇవి తార్నాక సంస్థ 2017 పట్టికల్లోని అంకెలు. యాభై గ్రాముల పిండితో సంకటో జావో, ఒక పెద్ద చెంచా నువ్వుల పొడి, ఇంకో పూట మునగాకు పప్పు: మూడూ కలిపితే గ్లాసున్నర పాల కాల్షియం వచ్చినట్టే.

కాగితం మీద ఉన్నదంతా ఒంటికి పట్టదు. నువ్వుల పొట్టులో, తోటకూరలో, పాలకూరలో ఉండే ఆక్సలేట్లు అనే పదార్థాలు కాల్షియాన్ని పట్టేసుకుంటాయి. రాగులు నానబెట్టి మొలకెత్తించి పిండి పట్టిస్తే పీల్చుకోవడం మెరుగవుతుంది. మా వైపు పసిపిల్లలకు చేసే మొలకెత్తిన రాగి జావ ఊరికే పుట్టలేదు. రోజూ ఒక్క ఆకుకూరే కాకుండా మార్చి మార్చి వండండి. కాల్షియం సల్ఫేట్‌తో విరగ్గొట్టిన టోఫు కూడా మంచిదే, లేబుల్ చూడండి.

బి12 ఒక్కటి మాత్రం ఏ ఆకులోనూ, ఏ గింజలోనూ లేదు. ఇడ్లీ పులియబెడితే వస్తుందనే మాట నమ్ముకోకండి. శాకాహార ఇళ్లలో పాలు, పెరుగు నుంచే బి12 అందుతోంది, అది కూడా చాలామందికి బొటాబొటిగా. అవి పూర్తిగా మానేస్తే, గుడ్డు, చేప కూడా తినకపోతే, మాత్ర వేసుకోవాల్సిందే. అరికాళ్లు తిమ్మిరి, మతిమరుపు వచ్చాక కాదు, ముందే.

మొక్కల_తిండి · ఉదయం 11:15

అందరూ పోషకాలు, కార్బన్ మాట్లాడుతున్నారు, దూడ గురించి ఎవరూ మాట్లాడరా? నేను పాలు మానింది కడుపు కోసం కాదు. పుట్టిన మగదూడ ఏమవుతుందో తెలిశాక కాఫీ కప్పు చేతికి రాలేదు. పెయ్య అయితే ఉంచుతారు, మగది అయితే పాలు సరిగ్గా తాగనివ్వరు. ఇది ఊరి కొట్టంలోనూ జరుగుతుంది, పెద్ద ఫారంలోనూ జరుగుతుంది. నువ్వులు, రాగులు, సోయా, ఒక బి12 మాత్రతో నేను హాయిగా ఉన్నాను, రక్త పరీక్షలు బాగున్నాయి. పాలు లేకపోతే బతకలేమనేది అలవాటే తప్ప అవసరం కాదు.

బర్రెల_యాదగిరి · ఉదయం 11:50

తమ్మీ, నువ్వు చెప్పింది అబద్ధం కాదు. దున్న దుడ్డెను ఎవలు సాకుతరు? ట్రాక్టరు వచ్చినంక దున్నలతోని అరక ఎవలు కడుతున్నరు? ఏడాది పెంచితే అయ్యే ఖర్చు నా పాల బిల్లుల నుంచే పోవాలె. అంగడికి తోలుతం, ఆడికెల్లి ఏడికి పోతదో నీకూ ఎర్కే, నాకూ ఎర్కే. పెయ్యలే పుట్టే సూదులు వచ్చినయని పశువుల డాక్టరు చెప్పిండు, ఒక బర్రెకు వేయించిన. ధర ఎక్కువ, చూడి నిలుస్తదో లేదో తెల్వదు.

నిన్ను పాలు తాగమని నేను అనను. అనేది ఒక్కటే, పాలు తాగెటోల్లు లీటరుకు ఇంకో రెండు రూపాయలు ఎక్కువిచ్చి, మాకు సక్కగ సాకే తాకత్ ఉంటే, దుడ్డెకు ఒక రొమ్ము విడుస్తం.

నిర్వాహకులు · మధ్యాహ్నం 12:05

పశుపోషణలో నైతికత మీద విడిగా ఒక చర్చ తెరిచాం, అది అక్కడ కొనసాగించండి. ఇక్కడ తిండి సంగతి చూద్దాం. ఇద్దరూ మర్యాదగా మాట్లాడినందుకు థ్యాంక్స్.

కూకట్‌పల్లి_కోడలు · సాయంత్రం 5:30

అందరికీ ధన్యవాదాలు, ఇంత వివరంగా రాస్తారనుకోలేదు. అత్తయ్యగారు ఈ మధ్యాహ్నం చిన్న గిన్నెడు పెరుగుతో అన్నం తిన్నారు, ఇప్పటికి ఏ గొడవా లేదు. ఆవిడ రాత్రి తాగే గ్లాసు పాలు మాత్రం ఆపేసి, బదులు మొలకెత్తిన రాగి జావ పోస్తాను, మజ్జిగ కలిపి. పాపకి నువ్వుల ఉండలంటే ఇష్టం, పాల గ్లాసు గొడవ పెట్టుకోకుండా ఆ దారిలో వెళ్తాను, సోయా డ్రింకు ఒకటి తెచ్చి చూస్తాను. మా ఆయన బరిస్టా ప్యాకెట్ ధర చూసి "నా కాఫీ జోలికి రాకండి" అన్నారు. రెండు లీటర్లు లీటరుంబావుకి వస్తుంది, చాలు.

సోయా గింజలు ఎక్కడ కొనాలి? షాపులో ఉన్నవి చాలా పాతవిగా, ముడతలతో ఉన్నాయి.

ఆదిలాబాద్_పత్తి · రాత్రి 8:40

కోడలు గారూ, పాత గింజ కొనకండి. నిల్వ ఉన్న సోయా ఎంత నానబెట్టినా గట్టిగానే ఉంటుంది, పాలు తక్కువ దిగుతాయి. కొత్త పంట దసరా నుంచి వస్తుంది. మా ఆదిలాబాద్, నిజామాబాద్, కామారెడ్డి వైపు నల్లరేగళ్లలో వానాకాలం పంటగా సోయా బాగా వేస్తాం. కొత్త గింజ అయితే కిలోకు ఏడెనిమిది లీటర్ల పాలు చేసుకోవచ్చు. 2025-26కు కేంద్రం మద్దతు ధర క్వింటాలుకు 5,328 రూపాయలు, అంటే రైతు దగ్గర కిలో 53. ఆ లెక్కన లీటరు సోయా పాలకు గింజ ఖర్చు ఏడెనిమిది రూపాయలే. మిగతాదంతా ప్యాకెట్‌ది, ప్రకటనలది.

విత్తనానికని అమ్మేది మాత్రం తినడానికి కొనకండి, మందు పట్టించి ఉంటుంది. రంగు చూస్తేనే తెలుస్తుంది.

విచిత్రమేంటంటే ఇక్కడ పండే సోయా మా ఊళ్లో ఎవరూ తినరు. అంతా మార్కెట్ యార్డు నుంచి నూనె మిల్లులకు పోతుంది. గింజలో నూనె ఐదో వంతే, మిగిలిన చెక్క కోళ్ల మేతకు, పశువుల దాణాకు పోతుంది.

బర్రెల_యాదగిరి · రాత్రి 9:05

అన్నా, సోయా చెక్క నేరుగా మిల్లుకాడనే కొంటే ఏం రేటు పడుతది? మా దగ్గర దాణా షాపోడు చెప్పే రేటుకు లీటరు పాల మీద ఏం మిగులుత లేదు. నలుగురం రైతులం కలిసి ఒక లోడు తెప్పిద్దామనుకుంటున్నం.

ఆదిలాబాద్_పత్తి · రాత్రి 9:20

రేటు రోజూ మారుతుంది అన్నా, ఇక్కడ రాస్తే రేపటికి పాతదవుతుంది. లోడు అయితే మిల్లువాళ్లు మాట్లాడతారు. ప్రొటీన్ ఎంత శాతమో, తేమ ఎంతో ముందే రాయించుకోండి, బూజు వాసన ఉంటే దింపుకోకండి. నాకు విడిగా మెసేజ్ పెట్టండి, రేపు యార్డులో కనుక్కుని చెప్తాను.